సూది గుచ్చకముందు

"సూది గుచ్చకముందు ఒక్క మాట అడగండమ్మా," అన్నాడు ముసలాయన, రక్తం తీసే అమ్మాయికి చేయి అడ్డుపెట్టి.

కుర్చీలో ఆయాసంతో రొప్పుతున్న యువతి బిత్తరపోయింది.

గోల విని ల్యాబ్ డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఎవరీయన?"

"మాత్రల తాత మేడమ్," అంది రక్తం తీసే అమ్మాయి. "వారం వారం ఎవరో ఒకరిని వెంటేసుకొస్తాడు. ఒకసారి మరదలంటాడు, ఒకసారి మేనకోడలంటాడు. ఎంతమంది మేనకోడళ్లో!"

పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

"అడ్రినల్ గ్రంథి పరీక్షే కదా తల్లీ," అన్నాడాయన. "ఆయాసానికి వాడే స్టెరాయిడ్ మాత్ర ఈ పొద్దున వేసుకుందేమో అడగండి. ఆ మందే లెక్కలో కలిసిపోయి, గ్రంథి బాగున్నట్టు చూపిస్తుందట."

"నాకే పాఠాలా? పేషెంట్లను పట్టుకు తిరిగే బ్రోకర్లను చాలామందిని చూశాను. మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే మర్యాద దక్కదు!"

వాచ్‌మన్ రెక్క పట్టుకున్నాడు.

"వెళ్తాను తల్లీ. ఆ మాట మాత్రం అడగండి," అంటూ ముసలాయన మెట్లు దిగిపోయాడు.

డాక్టరమ్మ చిరాగ్గా యువతి వైపు తిరిగింది.

"వేసుకున్నావా?"

"వేసుకున్నానండీ."

"రేపు పొద్దున్నే, మాత్ర వేసుకోకముందే రా," అంది డాక్టరమ్మ తలెత్తకుండా.

మర్నాటి పరీక్షలో గ్రంథి దాదాపు పనిచేయడం లేదని తేలింది. ముందురోజే రక్తం తీసి, అంతా బాగుందని రాసి ఉంటే, ఆమెను నిలబెడుతున్న ఆ మాత్రలు ఆపేసేవారు. పిల్ల ప్రాణం మీదికొచ్చేది.

ఆ రోజు నుంచి ఎవరు తలుపు తోసినా డాక్టరమ్మ తాతేమోనని చూసేది. ఆయన రాలేదు.

నెల తిరిగాక యువతి వచ్చింది.

"మీ తాతగారేరమ్మా? నన్ను క్షమించమని అడగాలి."

"పోయారు మేడమ్, పోయిన వారం. నిజానికి నాకాయన ఏమీ కారు. ఆసుపత్రి వరండాలో నా అవస్థ చూసి పలకరించారు, అప్పటినుంచి కనిపెట్టుకుని ఉన్నారు, అంతే."

"మరి ఎందుకంత తాపత్రయపడ్డారు?"

"వాళ్లమ్మాయికీ ఈ పరీక్షే చేశారట. మాత్ర సంగతి ఎవరూ అడగలేదట. రిపోర్టు బాగుందని మందు ఆపేశారు. ఆ తర్వాత జ్వరమొచ్చి, ఉన్నట్టుండి కుప్పకూలింది. దక్కలేదు."

"ఏ ల్యాబులో?"

యువతి నేల చూపులు చూసింది.

"ఇక్కడే మేడమ్. రిపోర్టు మీద మీ సంతకమేనట. 'ఆ డాక్టరమ్మదీ నా కూతురి వయసే, రచ్చకీడ్చి ఏం లాభం' అనేవారు."