సీజర్‌తో సెలవులు

తార్నాక చౌరస్తాలోని ఎస్టీడీ బూత్‌లోంచి ప్రొఫెసర్ పేరయ్య నవ్వుతూ బయటికి వచ్చారు. ఆయన నవ్వారంటే శివకుమార్‌కు ఏదో ఒక చాకిరీ తగులుతుంది. ఈసారి చాకిరీ కాదు, పిడుగే పడింది.

"హోటల్ వాళ్ళు రూలు మార్చారటోయ్. ఈ వేసవి నుంచి కుక్కల్ని కూడా తెచ్చుకోవచ్చట. ఇంకేం, సీజర్ కూడా మనతోనే."

శివకుమార్ బూత్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఎల్లుండే ప్రయాణం. హార్స్‌లీ కొండ మీద వారం రోజులు. సారు, బ్యాంకులో పనిచేసే ఆయన భార్య వెంకటరమణమ్మ గారు, ఎమ్మే అయిపోయి ఇంట్లోనే ఉంటున్న కూతురు శ్రీలలిత. వాళ్ళతోపాటు శివకుమార్. పీహెచ్‌డీ విద్యార్థి అంటే గైడు గారింట్లో మనిషే కదా. గ్యాసు బండ మొయ్యాలన్నా, టికెట్ల క్యూలో నిలబడాలన్నా అతనే. పైగా కొండ మీద తీరిగ్గా కూర్చుని థీసిస్ ఆఖరి అధ్యాయం దిద్ది సంతకం పెడతానన్నారు సారు. ఆ సంతకం ఉంటేనే లెక్చరర్ ఉద్యోగం. లేకపోతే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే, వారాసిగూడలో అన్న పంచన పడి ఉండాల్సిందే.

సీజర్ సారు పెంచుకుంటున్న అల్సేషియన్. పాలవాడి పిక్క పట్టింది. చందా కోసం వచ్చిన విద్యార్థి నాయకుడి చేత గోడ దూకించింది. ఇంట్లో వాళ్ళు తప్ప మరో మనిషి దాని దగ్గరకు పోలేడని క్యాంపస్ క్వార్టర్లన్నీ చెప్పుకుంటాయి.

ఇక శివకుమార్ గొంతు వింటే దానికి పూనకమే. అతను రోడ్డు మీదే ఆగి, "సార్, గొలుసేసిన్రా?" అని అడిగాకే గేటు మీద చెయ్యి వేస్తాడు. లోపల సీజర్ గొలుసు తెంపుకునేటట్టు గింజుకుంటుంది. శ్రీలలిత పరుగున వచ్చి దాన్ని పెరట్లోకి లాక్కుపోతుంది.

"నీ మీద దానికేం పగోయ్?" అని సారు నవ్వుతుంటారు. శివకుమార్‌కు చెమటలు పడుతుంటాయి.

ఇప్పుడూ పట్టాయి. "సార్, నేను బస్సుల వస్త. మీరు కార్ల పోండ్రి."

"బస్సెందుకయ్యా? సుమో మాట్లాడాను. వెనక సీట్లో నువ్వూ సీజరూ. వచ్చేనాటికి స్నేహితులైపోతారు, చూడు."

మర్నాడు సామాను సర్దడానికి వెళితే, గేటు దగ్గరే శ్రీలలిత గొంతు వినబడింది.

"దానికి ఘాట్ రోడ్డు పడదు నాన్నగారూ. కాశమ్మకు అప్పజెప్పి పోదాం."

"పనిమనిషిని అది గిన్నెలే తోమనివ్వదు. అన్నం పెట్టనిస్తుందా?"

"పాపం శివకుమార్ గారు భయంతో చచ్చిపోతున్నారు."

"మగపిల్లాడికి ఆ మాత్రం ధైర్యం లేకపోతే ఎలాగే?" అన్నారు వెంకటరమణమ్మ గారు. అంతటితో ఆ మాట ముగిసిపోయింది.

హాస్టల్ మెస్సులో శివకుమార్‌కు ముద్ద దిగలేదు. ఒకే వరండా, ఒకే భోజనాల గది, ఒకే పచ్చిక. వారమంతా గొలుసు ఎవరు పట్టుకుంటారు? ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి జారుతుంది. జారిన క్షణాన తన పని అయిపోతుంది.

"బిస్కట్లెయ్యి, దోస్తయితది," అన్నాడు రూమ్మేటు సంజీవ్.

"దోస్తీ వద్దు, గీస్తీ వద్దు. అది నా దిక్కు చూడకుంటే చాలు."

"అట్లయితే నీలగిరి తైలం పూసుకో. గా ఘాటుకు కుక్కకు మనిషి వాసన తెల్వది."

శివకుమార్‌కు ప్రాణం లేచొచ్చింది. సీసా అంతా ఒంటికి పట్టించాడు. గొంతు పోయిందని చెప్పి నోరే విప్పకూడదనీ నిశ్చయించుకున్నాడు.

తెల్లవారి క్వార్టర్ ముందు సుమో ఆగి ఉంది. మే నెల ఎండల్లో మంకీ క్యాపు పెట్టుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, మైలు దూరానికి ఘాటు కొడుతూ దిగాడు శివకుమార్.

"ఏం బాబూ, జ్వరమా?" అన్నారు వెంకటరమణమ్మ గారు. అతను గొంతు చూపించి చెయ్యి అడ్డంగా తిప్పాడు.

"గొంతు పోయిందా? మంచిదే, సీజర్ గొడవ చెయ్యదు," అన్నారు సారు.

శ్రీలలిత సీజర్‌ను తీసుకొచ్చింది. గొలుసును మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకుని, రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. సీజర్ ఇటు తిరిగి వాసన చూసింది. తుమ్మింది. మొహం తిప్పేసుకుంది.

గండం గడిచిందనుకున్నాడు శివకుమార్. సారు ఊరుకుంటేగా.

"వారమంతా ఇలా బిక్కచచ్చి కూర్చుంటావా? ఈ సంగతేదో ఇక్కడే తేల్చేద్దాం," అంటూ ఆయన కూతురి చేతిలోంచి గొలుసు తీసుకుని, మెడపట్టీ నుంచి కొక్కెం విప్పేశారు.

"వద్దు నాన్నగారూ," అంది శ్రీలలిత.

"వద్దు సార్," అన్నాడు శివకుమార్. అనకూడదని గుర్తొచ్చేసరికి అనేశాడు.

సీజర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క దూకు దూకింది. డ్రైవరు సుమోలోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు. అప్పటిదాకా నవ్వుతున్న సారు కూడా హడలిపోయి, "సీజర్, ఆగు," అని అరిచారు. శివకుమార్ వీపుకు బండి తగిలింది. ఇక వెనక్కి జరగడానికి చోటు లేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సీజర్ అతని భుజాల మీద కాళ్ళు వేసి మొహమంతా ఆబగా నాకి, సారు యూనివర్సిటీలోనూ అమ్మగారు బ్యాంకులోనూ ఉండే మధ్యాహ్నాల్లో రోజూ చేసే పనే అన్నట్టు, శ్రీలలిత చున్నీ అంచు పళ్ళతో పట్టుకుని అతని పక్కకు లాక్కొచ్చి నిలబెట్టింది.