వీరవేణి గారింటి కరెంటు పని

"మీ వైర్‌మన్ పర్మిట్ ఏదండీ బాబూ?"

నిచ్చెన గోడకి ఆనించబోతున్న సాలమోను ఆగిపోయాడు. రాజోలు నుంచి సఖినేటిపల్లి దాకా ఎన్ని ఇళ్ళకి వైరింగ్ చేశాడో! టీ తాగుతారా అని అడిగినవాళ్ళున్నారు, ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందని అడిగినవాళ్ళున్నారు. ఈ మాట అడిగిన మనిషిని మాత్రం ఇదే మొదటిసారి చూడటం. ఈ వైపు పద్ధతే వేరు. ఇల్లు కట్టే మేస్త్రీ ఫలానావాడు మంచివాడని చెబుతాడు, ఇంటివాళ్ళు సరేనంటారు, పని మొదలైపోతుంది. ఆ పైన కాగితం అడిగితే మేస్త్రీ మాట తీసి పక్కన పారేసినట్టే.

సాలమోను తనని తీసుకొచ్చిన మేస్త్రీ బంగారరాజు వైపు చూశాడు. జొన్నాడ నుంచి వచ్చి ఈ ఇల్లు కడుతున్న ఆ పెద్దమనిషి, ఇసుక కుప్పలో ఏదో పారేసుకున్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఉందండి. ఇంటి దగ్గరుండిపోయింది," అన్నాడు సాలమోను.

"అయితే తెచ్చుకోండి. రేపు మొదలెడదురు గాని."

రొయ్యల కంపెనీలో ఒళ్ళు హూనం చేసుకుని, ఒంటి చేత్తో ఇల్లు లేపుతున్న మనిషి వీరవేణి గారు. గట్టి మనిషని విన్నాడు గానీ, మరీ ఇంత గట్టిదనుకోలేదు.

మర్నాడు పర్మిట్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేరు చదివారు, ఫొటో చూసి మొహం చూశారు, మొహం చూసి మళ్ళీ ఫొటో చూశారు.

"రెన్యువల్ చేయించేరా?"

"ఆయ్, చేయించేనండి."

అంతటితో ఊరుకున్నారా? ఫోనులో దాన్ని ఫొటో తీసి, కరెంటాఫీసులో తెలిసినాయనకి పంపి, నంబరు నిజమైనదేనని ఆయన చెప్పేదాకా సాలమోనుని సిమెంటు బస్తా మీద కూర్చోబెట్టారు. తాపీ కూలీలు ముసిముసిగా నవ్వుకున్నారు. సాలమోనుకి చెవులు వేడెక్కాయి.

"రబ్బరు గ్లౌజులున్నాయా? ఈ చెప్పులేంటి ఇలా అరిగిపోయేయి? బీమా కట్టేరా?"

"వైరింగుకి బీమా ఎందుకండీ?"

"కట్టేరా లేదా?"

"కట్టేనండి."

"ఇంట్లో ఎవరుంటారు?"

"మా ఆవిడ షైనీ, ఇద్దరు పిల్లలండి."

"ఆవిడ నంబరు చెప్పండి."

ఇదేం చోద్యం! పని మధ్యలో ఎగ్గొడితే పెళ్ళాన్ని పట్టుకుందామనా? ఒళ్ళు మండిపోయింది. అయినా నంబరు చెప్పాడు. ఇప్పుడు సంచి సర్దుకుని వెళ్ళిపోతే, పర్మిట్ అడిగితే పారిపోయాడని ఊరంతా చెప్పుకుంటారు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఒక్క ఇంటికీ పిలవరు. మాట మీద పనులొచ్చేవాడికి ఆ మాటే చెడిపోతే పిల్లలకి ఏం పెడతాడు?

పని మొదలైంది. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని సరిగ్గా మెయిన్ స్విచ్చు పక్కనే వేసుకున్నారు. వైరు చుట్ట చంకనెట్టుకుపోతాననుకుంటున్నారు కాబోలు అని లోలోపలే కుతకుతలాడాడు సాలమోను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇక ఆగలేకపోయాడు.

"ఏంటండీ మేస్త్రీగారూ, ఈవిడ నన్ను దొంగని చూసినట్టు చూస్తన్నారు?"

బంగారరాజు గొంతు తగ్గించాడు. "ఏం అనుకోకు సాలమోనూ. వాళ్ళాయన షాకు కొట్టి పోయేరంట. నర్సాపురంలో ఎవరింట్లోనో. ఎవడో కరెంటోడు చేసిన నిర్వాకమంట. అప్పట్నించీ కరెంటోళ్ళంటే ఆవిడకి మంట. నేనూ విన్నమాటేలే."

సాలమోనుకి పాపం అనిపించింది. మరుక్షణమే, ఎవడో చేసినదానికి నేనేం చేశానని కూడా అనిపించింది.

సాయంత్రం గోడలు తడిపే మోటారు ఉన్నట్టుండి ఆగిపోయింది. బంగారరాజు కేకేస్తే సాలమోను వెళ్ళి చూశాడు. తాత్కాలిక కనెక్షను దగ్గర వైరు ఊడింది, అంతే. కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. కరెంటు తీయకుండానే ఇలాంటివి ఎన్ని బిగించలేదు! కటింగ్ ప్లేయరు పట్టుకుని చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యి!"

ఆ అరుపుకి కూలీల చేతుల్లో తట్టలు ఆగిపోయాయి. వీరవేణి గారు మెయిన్ దించేసి, దానికి అడ్డంగా నిలబడ్డారు.

"మెయిన్ తియ్యకుండా చెయ్యి పెడతావా? ఆ పర్మిట్ ఎందుకిచ్చేరు నీకు? గోడకి తగిలించుకోడానికా?"

అంతమందిలో! సాలమోనుకి తల కొట్టేసినట్టయింది. ప్లేయరు సంచిలో విసిరికొట్టాడు.

"చాలండి! కాగితం అడిగేరు, తెచ్చేను. మా ఆవిడ నంబరు అడిగేరు, ఇచ్చేను. నాసి వైరేమైనా వేసేనా? మీ ఇల్లేమైనా తగలెట్టేనా? నా మీద అంత నమ్మకం లేకపోతే ఇంకెవరినైనా చూసుకోండి."

సంచి భుజాన వేసుకుని వీధి దాకా వెళ్ళాడు. ఉక్రోషం ఆగలేదు. గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"మీవారిని పొట్టనపెట్టుకున్నవాడి మీద కోపం నా మీద చూపిస్తారేంటండీ? అసలు ఎవడండీ ఆ కరెంటోడు?"

వీరవేణి గారు మెయిన్ దగ్గర్నుంచి కదల్లేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"మా ఆయనే బాబూ."