బీబమ్మ హజ్

“చెప్తే ఇనవేం నాయనా? ఈ ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు,” అంది పర్వీన్.

కడపలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో ఆమె పని. పెట్టుకుంటే మక్కాలోనే ఉన్నట్టు చూపించే వీఆర్ కళ్లద్దాలను అక్కడ ఒక్కపూటకని అడిగి మైదుకూరుకు తెచ్చిందే గానీ, తన ల్యాప్‌టాప్‌లో బొమ్మలను నడిపే గ్రాఫిక్స్ కార్డు విడిగా లేదు. ప్రాసెసర్‌తో కలిసి వచ్చిందే దిక్కు. దాంతో మామూలు ఆటలే ఈడ్చుకుంటూ నడుస్తాయి. ఇక వీఆర్ ఆటంటే బొమ్మ ఎక్కడికక్కడ ఆగిపోతుంది, తల తిరిగిపోతుందని నచ్చజెప్పింది.

పరుపులు కుట్టే ఖాసిం సాహెబ్ వింటేనా! “ఆట ఆడేదానికి బలం కావల్ల గానీ, మీ అమ్మ మక్కాలో నడిచి చూసేదే గదమ్మా,” అన్నాడు. మక్కాకు తీసుకుపోతానని భార్యకు మాటిచ్చిన మనిషి. ఆస్పత్రి వాళ్లు ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్న దగ్గర్నుంచీ ఆయనకు కంటిమీద కునుకు లేదు.

బీబమ్మ అప్పటికే మంచం మీద కూర్చుని మాఫీ అడుగుతోంది. హజ్‌కు పోయేవాళ్లు ఇల్లిల్లూ తిరిగి తప్పులుంటే మన్నించమని అడగాలి గదా. ఆమె కదల్లేని మనిషి కాబట్టి వీధే ఆమె దగ్గరికి వచ్చింది. కొళాయి దగ్గర తగువుతో ఏళ్లుగా మాటల్లేని నాగలక్ష్మమ్మ కూడా వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని బోరుమంది. ఇంతమంది సాగనంపాక ప్రయాణం లేదని పర్వీన్ ఏ నోటితో చెప్పేది?

ల్యాప్‌టాప్ మీద భారం తగ్గాలని బొమ్మ నాణ్యతను అడుగుకు దించేసింది. ల్యాప్‌టాప్ తెరను కూడా ఆర్పేసి, బొమ్మ ఒక్క కళ్లద్దాలకే పోయేటట్టు చేసి, వాటిని అమ్మ తలకు కట్టింది.

బీబమ్మ తల అటూ ఇటూ తిప్పింది.

“ఏమన్నా కనపడతాండాదా?” ఖాసిం సాహెబ్ మంచం మీదికి వంగి అడిగాడు.

“కనపడతాండాది,” అంది బీబమ్మ.

తెల్లటి నేల, నల్లటి గుడ్డ కప్పిన కాబా, ఇసకేస్తే రాలనంత జనం, అన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. కూర్చున్నచోటే మెల్లగా కాబా చుట్టూ తిరగాల్సిన ఏడు చుట్లూ తిరిగింది. అల్లా దయ తలిచాడని ఖాసిం సాహెబ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ కన్నీళ్లతోనే, వాకిట్లో నిలబడ్డవాళ్లకు ఖర్జూరాలు పంచడానికి బయటికి పోయాడు.

ఎట్లాగో నడిచింది, అంతే చాలనుకుంటూ పర్వీన్ కళ్లద్దాలు విప్పింది. బీబమ్మ ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“మీ నాయనకు చెప్పొద్దు పాపా,” అంది చిన్నగా. “దీంట్లో మొదట్నుంచీ చీకటే.”