ఓబుళేసన్న మొహం

"మీసం ఇంకా లావు కావల్ల," అంది యేసమ్మ టీచరు.

ఖమ్రున్నీసా కుంచె ఆపింది. పులివెందుల చీనీకాయంత తల ఆమె ఎడమచేతిలో ఉంది. మొండెం బల్ల మీద పడుకుని ఉంది.

బెంగళూరులో డిజైన్ కోర్సు చదివి వస్తూ వస్తూ ఆమె తెచ్చుకున్న పిచ్చి ఇది. గట్టి ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసిన బొమ్మలు. మెడ, మోచేయి, మోకాలు, ప్రతి కీలులోనూ ఒక గుండు ఉంటుంది. ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. కంపెనీవాళ్ళు వేసిన మొహాన్ని థిన్నర్‌తో తుడిచేసి కొత్త మొహం తనే వేస్తుంది. ఒక్కో కనుబొమకు ఒక పూట పడుతుంది. ప్రొద్దుటూరులో తను నానీ అని పిలిచే అమ్మమ్మ ఇంటి ముందుగదిలో అలా పద్దెనిమిది బొమ్మలు అల్మారాలో కూర్చున్నాయి. అన్నీ పెద్ద కళ్ళ ఆడపిల్లలే.

మీసం వేయడం ఇదే మొదలు. అదీ జమ్మలమడుగు ఓబుళేసు మీసం.

ఒకప్పుడు ఆయన జీపు చప్పుడుకే అంగళ్ళు మూసేవాళ్ళు. ఇప్పుడు బాంబుల కాలం పోయి ఫ్లెక్సీల కాలం వచ్చింది. ఆయనా పార్టీలో చేరి ప్రతి కూడలిలోనూ చేతులు జోడించి నవ్వుతున్నాడు. అయినా ఆయన దయ లేకుండా జమ్మలమడుగులో గోడ లేవదని అందరికీ తెలుసు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో యేసమ్మ ఇల్లు కట్టుకుంటున్నది ఆ ఊళ్ళోనే.

"ఆయన బొమ్మే ఎందుకు టీచర్?"

"నా ఇంటికి. వేరే మొహాలు మా పాస్టరయ్య ఒప్పుకోడు. మనిషిదే కావల్ల. వానకు కారదు కదా?"

"కారుకు కొట్టే వార్నిష్ కొడతాలే."

మూడో తరగతి చెప్పిన టీచరు అడిగితే కాదనడం ఎలా? అల్మారా కింద పాతబడి పసుపు తిరిగిన ఒక పెద్ద బొమ్మ వేరేగా ఉంటే దాన్నే తీసింది ఖమ్రున్నీసా.

అప్పుడే బయట సుమో ఆగింది.

ఓబుళేసు లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు. ఆయన ముందు తలను చూశాడు, తర్వాత మొండేన్ని.

"నా బొమ్మ చేస్తాండావని ఊరంతా చెప్పుకుంటాండారు. ఎవురి కోసం మే? ఎదురు పార్టీవాళ్ళు బజార్లో తగలబెట్టేదానికా?"

ఖమ్రున్నీసా తలను మొండెం పక్కన పెట్టింది. పరదా వెనక నుంచి నానీ గుల్జార్‌బీ దగ్గు వినిపించింది.

"అట్లయితే ఈ గదీ ఉండదు, ఈ బొమ్మలూ ఉండవు," అన్నాడు ఆయన.

"ఓబుళేసూ, కూసో," అంది యేసమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.

ఓబుళేసు కూర్చున్నాడు. ఆయనకూ మూడో తరగతి చెప్పింది ఆమే.

"తగలబెట్టేదానికి కాదప్పా. నా ఇంటికి. ముందరే పెట్టుకుంటా. వచ్చేపోయేవాళ్ళు ఫస్ట్ నిన్ను సూసినాంకనే ఇంటిని సూడల్ల."

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తావా?"

సంచిలోంచి బైబిలు తీసి చెప్పింది.

ఓబుళేసు మెత్తబడ్డాడు. "నా మీద ఇంత అభిమానం అనుకోలేదు టీచరమ్మా. చిన్నప్పుడు ఎండలో నిలబెట్టినావు."

"నలుగురూ సూడల్లనే నిలబెట్టినా. ఇప్పుడూ అంతే."

ఆయన సంతోషంగా మీసం దువ్వుకుని, రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు.

"నవ్వుతాండేట్టు వెయ్యి పాపా."

"వద్దు," అంది యేసమ్మ. "నువ్వు నవ్వితే ఎవురు నమ్ముతారప్పా? కండ్లు ఉరిమినట్ల ఉండల్ల. చెడ్డ చూపు ఉన్నోడు సూస్తే ఆడికాడికే తల దించుకోని పోవల్ల."

"అది నిజమే," అన్నాడు ఓబుళేసు. వెనకున్న ఇద్దరూ తలూపారు.

"చేతులు జోడించి పెట్టేదా టీచర్, ఫ్లెక్సీలో మాదిరి?" అంది ఖమ్రున్నీసా.

"వద్దు, వదులుగా ఉండనీ. గాలికి ఊగుతాయా?"

"ఊగుతాయి. లోపలంతా ఎలాస్టిక్."

"మంచిది."

పోతూ పోతూ ఓబుళేసు గడప దగ్గర ఆగాడు. "వచ్చే ఆదివారం ఇంటికాడికే వచ్చి సూస్తా. నా మాదిరి లేదనుకో, నీ అల్మారా ఖాళీ."

ఆ వారమంతా ఖమ్రున్నీసా వేరే బొమ్మ ముట్టుకోలేదు. కనుబొమలు మూడుసార్లు తుడిచి నాలుగోసారి వేసింది. మీసానికి మేక వెంట్రుకలు ఒక్కొక్కటీ అంటించింది. శుక్రవారం నాడు బొమ్మను గుడ్డలో చుట్టి టీచరు చేతిలో పెట్టింది.

ఆదివారం ఖమ్రున్నీసా జమ్మలమడుగులో బస్సు దిగి వచ్చేసరికే టీచరు వీధిలో రెండు సుమోలు ఉన్నాయి. ఓబుళేసు చేతిలో బంతిపూల దండ. పక్కన ఫోటోగ్రాఫరు. చర్చి నుంచి అప్పుడే వచ్చిన యేసమ్మ తెల్లచీరలో ఎదురొచ్చింది.

"యాడ పెట్టినావు టీచరమ్మా?"

"పైన సూడప్పా."

అందరూ తలెత్తారు.

"అచ్చం అన్నే," అన్నాడు ఒకడు. "ఆ మీసం సూడు."

ఖమ్రున్నీసాకు ఊపిరి వచ్చింది. తన పద్దెనిమిది బొమ్మలూ దక్కినట్టే అనుకుంది. ఓబుళేసు కళ్ళజోడు పెట్టుకుని, దండ సర్దుకుని, మెల్లగా పైకి చూశాడు.

స్లాబ్ పడని గోడ మీంచి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీకి, మేస్త్రీ కట్టిన మిరపకాయల దండకూ పాత చెప్పుకూ నడుమ, కాళ్ళూ చేతులూ గాలికి ఊపుకుంటూ, వచ్చేపోయేవాళ్ళ దిష్టి యేసమ్మ ఇంటికి తగలకుండా వేలాడుతున్నాడు ఓబుళేసన్న.