కుట్టుగదిలో పంపు

టీచరమ్మ గౌను మడత విప్పకుండానే ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత దాన్ని కుట్టినావిడ ముక్కు దగ్గర పెట్టింది.

పెట్రోలు.

"పాప ఇలా వేసుకుని అలా విప్పేసింది. తల తిరుగుతోందంట. దీంతో స్టేజీ మీద ఎలా నిలబడుతుంది చెప్పు?"

"ఉతికి ఆరేసి ఇస్తానండీ."

"నేను ఉతికే తెచ్చాను."

ఇంకా కత్తిరించని గుడ్డలు కూడా అడిగి తీసుకుంది టీచరమ్మ. గొంతు పెంచలేదు. గేటు మాత్రం వెయ్యకుండా వెళ్ళిపోయింది.

కుట్టినావిడ గౌను పట్టుకుని కుట్టుగదిలోకి వచ్చింది. చిన్న గది. ఒక మిషను, కత్తిరించే బల్ల, బల్ల మీద ఇస్త్రీపెట్టె. గోడవారన కూర్చుని అత్తయ్య కాజాలు కుడుతోంది.

బల్ల కింద మొగుడి పెట్రోలు పంపు.

వానలు పడి షాపుల కింద నీళ్ళు నిలిచినప్పుడల్లా అతనికి ఫోను వస్తుంది. పంపు పట్టుకెళ్ళి తోడిపెడతాడు. వానలు ఆగిపోయాక తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఇంట్లో తాళం పడే గది ఇదొక్కటే.

ట్యాంకు ఖాళీ చేసి పెట్టమని మర్యాదగా చెప్పింది. విసుక్కునీ చెప్పింది. "చూద్దాంలే" అన్నాడు ప్రతిసారీ.

గౌనును ఇంకోసారి ఇస్త్రీ చేస్తే వాసన పోతుందేమోనని స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చింది. అరికాలికి చల్లగా ఏదో తగిలింది.

వంగి చూసింది. పంపు కింద నేల నల్లగా తడిసి ఉంది. పక్కనున్న గుడ్డముక్కల సంచి కూడా సగం వరకూ నానిపోయింది.

నిద్రపోతున్న పసిబిడ్డ తల కింద నుంచి తీసినట్టు, స్విచ్ మీంచి చెయ్యి తీసేసింది.

"అత్తయ్యా, లేవండి. బయటికి పదండి."

"ఈ ఒక్క కాజా అయిపోనీ."

"లేవండి."

కిటికీలు బార్లా తెరిచింది. సంచిని పెరట్లోకి ఈడ్చుకుపోయింది. అత్తయ్య చేతిలో సూదితో అలాగే వచ్చి గడపలో నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఈ తలపోటు ఎందుకా అనుకున్నానే అమ్మాయ్. కళ్ళజోడు మార్చాలేమో అని నిన్ననే వాడికి చెప్పాను."

"ఏమన్నాడు?"

"చూద్దాంలే అన్నాడు."



మధ్యాహ్నం అతను నిమ్మకు నీరెత్తినట్టు భోజనానికి వచ్చాడు. ఆమె పెరట్లో నిలబడి ఉంది. పక్కన బకెట్టు నిండా నీళ్ళు.

"నీ పంపు గదంతా కారింది."

"ట్యాప్ సరిగ్గా కట్టినట్టు లేను. చూస్తాలే."

"ట్యాంకులో పెట్రోలు ఎందుకుంచావు?"

"రేపు ఎవరో పిలిస్తే? మళ్ళీ బంకుకి పరిగెత్తనా?" చెప్పులు విడుస్తూ అన్నాడు. "నాలుగు చుక్కలు కారితే ఇంత రాద్ధాంతమా. కొన్నాళ్ళు వరండాలో కూర్చుని కుట్టుకో. గాలి కూడా తగులుతుంది."



ఆమె సంచిలోంచి ఒక్క ముక్క తీసింది. నీలం గుడ్డ, అరచెయ్యంత ఉంటుంది. దాన్ని పెరటి మధ్య ఉత్త నేల మీద పడేసి, సంచిని దూరంగా గోడ దాకా ఈడ్చింది. చేతులూ కాళ్ళూ కడుక్కుని, తువ్వాలుతో ఒత్తి ఒత్తి తుడుచుకుంది. అగ్గిపుల్ల గీసి, నిలబడిన చోటి నుంచే విసిరింది.

పుల్ల నేలకు తగలకముందే మంట భగ్గుమని మోకాలెత్తు లేచింది.

అతను వెనక్కి జరిగాడు. ఒక చెప్పు కాలికే ఉండిపోయింది.

"అది ఒక్క ముక్క," అంది. "నువ్వు సంచెడు తడిపి పెట్టావు. మీ అమ్మ దాని పక్కనే కూర్చుంటుంది. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంటుంది."

బకెట్టు ఎత్తి బూడిద మీద కుమ్మరించింది.

"తియ్యరా దాన్ని," అంది అత్తయ్య గడపలోంచి.

అతను అన్నం ముట్టకుండానే పంపును పెరట్లోకి మోసుకొచ్చాడు. ట్యాంకులోది డబ్బాలోకి ఒంపి మూత బిగించాడు. పంపులో నీళ్ళు పోసి, పెట్రోలు ట్యాప్ కట్టేసి, తాడు లాగాడు. ఇంజను మిగిలిన కాస్తా తాగి, దగ్గి, ఆగిపోయింది. కార్బురేటర్ అడుగున నట్టు విప్పి, అందులో నిలిచిన చుక్కలు కూడా డబ్బామూతలోకి పట్టాడు.

ఆమె చూస్తూ నిలబడింది. అన్నీ వచ్చు ఇతనికి. ఎవరూ నేర్పక్కర్లేదు.

కోపం అక్కడ రెట్టింపైంది.

ఆ వారంలోనే పెరటి చివర, వంటింటికి దూరంగా రేకులతో గూడు కట్టాడు. గాలి ఆడేలా అడుగున సందు వదిలాడు. గొలుసు వేసి తాళం పెట్టాడు.

ఆమె గది నేలను సబ్బునీళ్ళతో రుద్ది రుద్ది కడిగింది. టీచరమ్మ మళ్ళీ రాలేదు. టీచరమ్మ చెప్పగా విన్నవాళ్ళూ రాలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు తాళంచెవి ఎక్కడుంది, అన్నం వడ్డించనా అన్నంత వరకే వచ్చాయి.

మళ్ళీ వాన పడింది. పక్కవీధిలో మందుల షాపు కింద గదిలోకి నీళ్ళు చేరాయి. పైపు పట్టుకునే మనిషి దొరక్క ఆమె కూడా వెళ్ళింది. అతను పంపును మెట్ల దగ్గర దించబోతే, "పొగంతా లోపలికి పోతుంది" అని రోడ్డు మీదికి జరిపించింది. జరిపాడు.

సగం నీళ్ళు తోడేసరికి పెట్రోలు అయిపోయి ఇంజను ఆగింది.

డబ్బా తెచ్చాడు. మూత మీద చెయ్యి వేసి, ఆగి, డబ్బాను దూరంగా పెట్టేశాడు.

"కాస్త చల్లారనీ," అన్నాడు.

వాన వెలిసింది. ఇద్దరూ షాపు అరుగు మీద కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు.

చాలాసేపటికి, ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

"చల్లారిందంటావా?"

ఆమె లేచి వెళ్ళి ఇంజను మీద అరచెయ్యి ఆనించింది.

"ఇదైతే చల్లారింది."