ఏ పనీ చేయని సరుకు

మా వీధి మొత్తంలో నా కంప్యూటరంత బుద్ధిగా ఉండే కంప్యూటర్ ఇంకొకటి లేదు. కిటికీ పక్కన, మా ఆవిడ పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. ఇంతవరకు ఒక్కసారి ఆగిపోలేదు. వైరస్ దాని ఛాయలకైనా రాలేదు. ఎదురింటి ఇంజనీరు వారానికోసారి తనదాన్ని చంకన పెట్టుకుని రిపేరు షాపుకి పరిగెడుతుంటే, నేను గుమ్మంలో నిలబడి మీసం దువ్వుకుంటూ చూస్తుంటాను.

అంతా నేను కొన్న ఒక సాఫ్ట్‌వేర్ మహిమ. పేరు 'నిశ్చింత'.

మా మనవరాలు ఒక కంపెనీలో డిజైనర్. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు దాన్ని ఆన్‌లైన్ బజార్లలో అమ్ముకోవాలంటే నానా తంటాలూ పడాలట. ఒక బజారుకు బొమ్మ నిలువుగా కావాలి, ఇంకోదానికి అడ్డంగా. ఒకటి సరుకు గురించి రెండు ముక్కల్లో చెప్పమంటుంది, ఇంకొకటి పురాణం విప్పమంటుంది. ఈ గొడవేమీ లేకుండా, ఒక్క బటన్ నొక్కితే సరుకు అన్ని బజార్లకూ ఎక్కిపోయే వెబ్ యాప్ చేయడం వాళ్ల పని.

వాళ్ల బాసుకు 'సింపుల్' అనే మాటంటే ప్రాణం. మనవరాలు గీసినవాటిలో ఏది కంటపడినా పీకించేవాడు.

"'నిజంగా అమ్మాలా?' ఏంటమ్మా ఈ ప్రశ్న? అమ్మడానికేగా వచ్చాడు. తీసెయ్."

"పొరపాటున నొక్కితే, సార్?"

"మన యాప్‌లో పొరపాట్లుండవు. ఈ 'వెనక్కి తీసుకో' బటనేంటి, అపశకునంలాగా? అదీ తీసెయ్."

తీసేసింది. చివరికి ఖాళీ మైదానంలో తప్పిపోయిన మేకపిల్లలా ఒకే ఒక్క బటన్ మిగిలింది.

పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు చూడ్డానికి వస్తున్నారు. తెర బోసిగా ఉండకూడదని మనవరాలు ఒక ఉత్తుత్తి సరుకు పెట్టింది. పేరు నిశ్చింత. కింద, 'ఏ పనీ చేయదు, ఏ ఇబ్బందీ పెట్టదు' అని రాసింది. ఆ ముక్క రాస్తుంటే నేనే గుర్తొచ్చానని తరువాత ఒప్పుకుంది.

పెద్దమనుషులు కూర్చున్నారు. బాసు చొక్కా చేతులు మడిచాడు. "చూడండి, చంటిపిల్లాడైనా అమ్మేయొచ్చు," అంటూ బటన్ నొక్కాడు. ఇలాంటి ప్రదర్శనలకు పరీక్ష కాపీ అని వేరే ఉంటుంది. ఆయన తెరిచింది అసలుది. నిశ్చింత వెళ్లి అన్ని బజార్లలోనూ కూర్చుంది.

కాసేపటికే టింగుమని చప్పుడైంది. ఎవరో కొనేశారు.

బాసు ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. ఏ పనీ చేయనిదాన్ని డబ్బు పుచ్చుకుని అంటగట్టారని కొన్నవాడు ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, బజార్లన్నీ కంపెనీని మెడపట్టి గెంటుతాయి.

"వెనక్కి తీసుకో!" అని కేకపెట్టాడు.

"ఆ బటన్ తీసేయించారు కదా సార్."

"అసలు ఈ సరుకు పెట్టిందెవరు?"

"నేనే."

నొక్కిందెవరని ఎవరూ అడగలేదు.

"కొన్నాయనకి ఇప్పుడే ఫోన్ చేస్తా. ఆయన తిట్టాడో, నువ్వు బ్యాగు సర్దుకోవడమే!"

"స్పీకర్‌లో పెట్టండి. మేమూ వింటాం," అన్నారు పెద్దమనుషులు.

ఇక్కడ నా ఫోన్ మోగింది.

ఔను, కొన్నది నేనే. ఆ బజార్లలో ఒకదాన్ని మనవరాలు అంతకుముందే నా ఫోన్లో పెట్టి, వాడటం నేర్పింది. కొత్త సరుకు వచ్చిందని ఫోన్ కూసింది. కనబడినదల్లా నొక్కడం నా అలవాటు. ఏం కొన్నానో చదివింది తరువాతే.

"అయ్యా, మీరు నిశ్చింత కొన్నారు కదండీ..."

గొంతు వణుకుతోంది. దాని వెనక ఒక చిన్న దగ్గు వినబడింది. ఏడుపు ఆపుకోవడానికి మా మనవరాలు చిన్నప్పటి నుంచీ దగ్గే దగ్గు అది. సంగతి సగం అర్థమైంది. మిగతా సగం ఆ వణుకే చెప్పింది.

"కొన్నాను నాయనా. దివ్యంగా ఉంది."

"దివ్యంగానా? మీ కంప్యూటర్ ఏమన్నా నెమ్మదించిందాండీ?"

"అబ్బే."

"వేడెక్కడం లాంటిది?"

"ఉండు, ముట్టుకుని చూస్తా... చల్లగా ఉంది బాబూ, కుండలో నీళ్లలాగా."

"మధ్యలో ఆగిపోవడం?"

"ఆగిందని ఎవరైనా అంటే నా మీసం తీసేయించుకుంటా. దీనివల్ల కరెంటు ఒక్క యూనిట్టు కూడా కాలలేదు. చేసినవాళ్లెవరో గానీ, వాళ్లని వదులుకోకండి."

వెనక దగ్గు మారింది. నవ్వు ఆపుకోవడానికి దాని దగ్గర వేరే దగ్గు ఉంది.

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. చేసేదేమీ లేదు కాబట్టి చెడేదీ లేదు. మరమ్మతుల్లేవు, తిట్లు లేవు, కొన్నవాడు మెచ్చుకుంటున్నాడు. ఇంతటి సరుకు తాము పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నారు. పెట్టుబడి అక్కడికక్కడే ఖాయమైంది. మనవరాలు అప్పటికే సర్దిపెట్టుకున్న బ్యాగును బాసే మోసుకొచ్చి తిరిగి ఆమె బల్ల మీద పెట్టాడు.

"రెండో వెర్షన్‌లో ఇది ఇంకా తక్కువ పని చేయాలమ్మా!"

ఆ మధ్యాహ్నం మనవరాలు చేసిన మొదటి పని 'వెనక్కి తీసుకో' బటన్ మళ్లీ పెట్టడం.

సాయంత్రం తిన్నగా మా ఇంటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"ముట్టుకుని చూశావా తాతయ్యా? చల్లగా ఉందా?"

"ఒట్టే! కావాలంటే నువ్వూ ముట్టుకో."

మీకు చెప్పిందీ అక్షరాలా నిజమే, నేను కల్పించింది కంప్యూటర్ ఒక్కటే: కిటికీ పక్కన పూలగుడ్డ కింద చల్లగా ఉన్నది మా ఆవిడ కుట్టుమిషను.