మామగారు చూసిన ఆట

"ఆదివారం బాపును తోలుకొని హైదరాబాద్ పోత. పోలీసు జట్టు ఫుట్‌బాల్ ఆట ఉన్నది," అన్నాడు రఘుపతి సంబరంగా.

మంజులత చాయ్ గ్లాసు కింద పెట్టింది. పెళ్లయి నలభై రోజులు. గల్లీ మొదట్లో భర్త సైకిల్ గంట మోగితే చాలు, ఆమెకు ఇల్లంతా వెలుగొచ్చినట్టుండేది. ఈ మాటకు మాత్రం గుండెలో ముల్లు దిగింది.

హైదరాబాద్ అంటే కాదు ఆమె భయం. మామగారి హైదరాబాద్ అంటే.

మామగారు సీతారాములు నారాయణపేటలో పేరున్న నేతగాడు. పందొమ్మిది వందల యాభై నుంచి పదేళ్ల పాటు నెలనెలా అత్తగారితో కలిసి చీరల మూటలతో హైదరాబాద్ వెళ్లేవారు. అత్తగారిని పోలీసు లైన్లలో ఉండే ఆమె అన్నగారింట్లో దింపి, తాను ఊరి మీద పడేవారు. మళ్లీ పొద్దుగూకాకే రాక. ఆ మధ్యలో ఎన్ని బంతాటలు చూశారో లెక్కలేదు. ఇప్పటికీ సాయంత్రమైతే వాడకట్టు మగవాళ్లంతా అరుగు మీద చేరతారు. ఆయన చెబుతారు, వాళ్లు నోళ్లు తెరుచుకొని వింటారు. ఆడవాళ్లు ఆ వైపు రారు.

మంజులత తలుపు చాటున నిలబడి వినేది. వట్టికాళ్ల ఆటగాడు తడి గడ్డిలో జారుతూ జారుతూనే బంతిని తిప్పిన తీరు, గోలు కాసేవాడి బనియన్ భుజం దగ్గర ఊడిన కుట్టు, అది గాలికి రెపరెపలాడడం. ఎంత ముచ్చటగా చెప్పేవారో! మామగారితో ఎదురుగా మాట్లాడే ఆనవాయితీ లేదు గానీ, ఉంటే ఇంకొకటి చెప్పమని అడిగేదే.

కానీ ఒక సంగతి ఆమెను తొలిచేది. అరుగు వెనక గదిలోనే అత్తగారు సుభద్రమ్మ మగ్గం. ఆయన ఆట మొదలుపెడితే మగ్గం చప్పుడు మెల్లబడేది. ఒక్కోసారి టక్కున ఆగేది. ఆగిందా, మామగారి గొంతు తడబడేది. మంచినీళ్లంటూ లోపలికి వెళ్లి వచ్చేవారు. పెళ్లాం ముందు తడబడాల్సినంత సంగతి బంతాటలో ఏముంటుంది?

మొన్న అత్తగారు చెల్లెలి ఊరికి పోయిన వారం రోజులూ ఆయన పంటి నొప్పి అని అరుగెక్కనే లేదు. ఇప్పుడు కొడుకు ఆటకు పోదామంటే నడుము నొప్పి అంటున్నారు. హైదరాబాద్‌లో కొడుకు కంటపడకూడని మనిషెవరో ఉంది. పాపం అత్తగారు, పదేళ్లు అన్నగారింట్లో గోడలు చూస్తూ కూర్చుంది. రేపు రఘుపతికి కూడా ఆ ఆటల రుచి తగిలితే? తనను ఎవరింట్లోనో దింపి ఆయనా ఊరి మీద పడితే?

ఆదివారం లోపల నిజం తెలియాలి.

శుక్రవారం చీరలు చూడడానికి హైదరాబాద్ నుంచి కృష్ణయ్య వచ్చాడు. పాత బేరగాడు. మామగారు నూలుకు రంగు వేయించడానికి పోయి ఉన్నారు. మాటల్లో రఘుపతి, సద్దుల బతుకమ్మ ముందు రోజు జోరువానలో తండ్రి చూసిన ఆట గురించి చెప్పాడు. అదే, భుజం కుట్టు ఊడిన ఆట.

కృష్ణయ్య నవ్వాడు.

"గా దినం మీ బాపు ఆటకు యాడ పోయిండయ్యా? వానల మా ఇంట్లనే ఇరుక్కుండె. మా ఆడోళ్లకు చీరెలన్ని పరిచి చూపెట్టిండు. ఆటకు పోయింది మా తమ్ముడు. తడిసి ముద్దయి వచ్చిండు, గందుకే యాదికున్నది."

రఘుపతి కూడా నవ్వేశాడు. ముసలి కృష్ణయ్య ఏదో రోజును ఇంకేదో రోజుతో కలుపుతున్నాడనుకున్నాడు.

తలుపు చాటున మంజులతకు నవ్వు రాలేదు. మామగారు ఆట చూడలేదు. మరి కళ్లకు కట్టినట్టు ఎలా చెబుతున్నారు? ఆ ఆటకు పోయి, చూసి, ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పిన మనిషి ఒకరున్నారు. బంతి ఎటు పోతుందో చూడక, బనియన్ కుట్టు ఊడిందని మగవాడెవడు చూస్తాడు?

ఆడమనిషి. అనుమానం లేదు.

మగ్గం గదిలోకి వెళ్లేసరికి ఆమె కళ్లు నిండిపోయాయి. సుభద్రమ్మ నాడె ఆడిస్తూనే తలెత్తి చూసింది. మంజులత దాచుకోలేకపోయింది. కృష్ణయ్య మాట, కుట్టు సంగతి, తన భయం, అన్నీ చెప్పేసింది. ఆదివారం కొడుకును పోనీయవద్దని చేతులు పట్టుకుంది.

మగ్గం ఆగింది.

"ఆమె ఎవరో మీకు తెలుసా అత్తమ్మా?"

"తెల్వకేం."

"తెలిసి ఇన్నేండ్లు ఎట్ల ఊకున్నరు?"

సుభద్రమ్మ అరుగు వైపు ఒకసారి తొంగిచూసి, కోడలిని దగ్గరికి లాక్కొని, చెవిలో అంది.

"మెల్లగ అను బిడ్డా, మీ మామ గల్లీగల్లీ తిరిగి చీరెలమ్ముతుంటె, మా వదినెతోని పోయి పోలీసోళ్ల ఆడోళ్ల జాగల గీత పక్కకే కూసోని, గా పదేండ్ల ఆటలన్ని చూసినదాన్ని నేనే."